ఇంటి ఆదాయం, సర్కారు సాయం: సర్వేని మార్చాలంటే ముందు దేన్ని పట్టుకోవాలి?

మీరు అడిగింది ఇది: "కుటుంబాల ఆదాయం, ప్రభుత్వ సాయం మీద జాతీయ సర్వేని కొత్తగా రూపొందించాలంటే, ప్రశ్నలు సగానికి తగ్గించి ఏడాదికి ఒక్కసారే వెళ్తే సరిపోతుందా? అమెరికావాళ్లు నాలుగు నెలలకోసారి వెళ్లడం మానేసి ఏడాదికోసారికి మారారు కదా, అది మనకి పనికొస్తుందా?" విశాఖలోనే ఉండి ప్రాజెక్టు చేస్తున్నానన్నారు కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా ఇక్కడివే చెప్తాను. ముప్ఫై ఏళ్లకు పైగా ఇల్లిల్లూ తిరిగి సర్వేలు చేశాను. చివరి పదేళ్లు ఇతరులు చేసిన సర్వేలు తనిఖీ చేశాను.

నా జవాబు మొదటే చెప్పేస్తాను. ప్రశ్నలు తగ్గించినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. ఏడాదికోసారి వెళ్లడం ఒక షరతు మీద పనికొస్తుంది. మనం అడిగే కాలం ఆ ఇంటివాళ్లు గుర్తుపెట్టుకునే కాలంతో కలవాలి. "గత 30 రోజుల్లో", "గత 365 రోజుల్లో" అన్నవి మన ఆఫీసు లెక్కలు. ఇళ్లలోకి డబ్బు ఒకటో తారీఖుకి వస్తుంది, శనివారం కూలికి వస్తుంది, చేపల వేట మొదలయ్యాక వస్తుంది, బడి తెరిచిన నెలలో వస్తుంది. సర్వేని మళ్లీ కట్టమని నాకు అప్పజెప్తే ముందు పట్టుకునేది ఈ కాలం సంగతినే.

ఒక చిన్న సంఘటన చెప్తాను. 2024 సెప్టెంబరులో కొందరు విద్యార్థుల అధ్యయనానికి తోడుగా ఆరిలోవ కొండవాలు ఇళ్లకి వెళ్లాను. ఒక ముసలమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "అమ్మమ్మా, పింఛను ఎంతొస్తంది?" అని అడిగాడు కుర్రాడు. "ఏడు వేలు ఇచ్చినారు బాబూ" అంది. అతను ట్యాబ్‌లో నెలకి 7,000 అని కొట్టి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయాడు.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. 2024 జూలై 1న వృద్ధాప్య పింఛను 3,000 నుంచి 4,000 అయింది. ఏప్రిల్, మే, జూన్ నెలలకి పెరిగిన వెయ్యేసి కూడా కలిపి ఆ రోజు 7,000 చేతిలో పెట్టారు. ఒకేసారి అంత పింఛను అందుకోవడం అదే మొదటిసారి కాబట్టి ఆవిడ మనసులో అదే నిలిచింది. ట్యాబ్ ఆ ఏడు వేలని పన్నెండుతో హెచ్చిస్తే ఏడాదికి 84,000 అవుతుంది. ఆ జూలై నుంచి మరుసటి జూన్ దాకా అసలు లెక్క 51,000. ఒక్క ఇంట్లో, ఒక్క ప్రశ్న దగ్గరే 33,000 తేడా.

నేను పక్కన కూర్చుని మళ్లీ అడిగాను. "మొన్న వినాయక చవితి ముందు ఎంతిచ్చారమ్మా?" "నాలుగు." "దానికి ముందు నెల?" "అదీ నాలుగే." "మరి ఏడెప్పుడు?" "ఓట్లయినాక, కొత్త గవర్నమెంటు వచ్చినాక మొదటిసారి ఇచ్చింది ఏడు." నిమిషం కూడా పట్టలేదు. ఆవిడకి అన్నీ గుర్తున్నాయి, మనం అడిగిన తీరే ఆవిడ గుర్తుపెట్టుకున్న తీరులో లేదు.

ఇప్పుడు మీరన్న అమెరికా సంగతి. అక్కడి సెన్సస్ బ్యూరో 1983 నుంచి ఆదాయం, పథకాల లబ్ధి మీద ఒక సర్వే నడుపుతోంది. దాన్ని పొడి అక్షరాల్లో సిప్ అంటారు. ఎంపికైన కుటుంబాలనే కొన్నేళ్లపాటు మళ్లీ మళ్లీ కలుస్తారు. పాత పద్ధతిలో నాలుగు నెలలకోసారి వెళ్లి, గడిచిన నాలుగు నెలల సంగతులూ నెలవారీగా రాసుకునేవారు. వినడానికి ఇంతకన్నా జాగ్రత్తైన పద్ధతి ఉండదనిపిస్తుంది. అయితే దాన్ని విశ్లేషించినవాళ్లకి ఒక విచిత్రం కనబడింది. ఆహార కూపన్లు మొదలవడం, ఆగిపోవడం, పని మారడం, ఇవన్నీ ఒక ఇంటర్వ్యూలో అడిగిన చివరి నెలకీ, తర్వాతి ఇంటర్వ్యూలో అడిగిన మొదటి నెలకీ మధ్యనే గుంపుగా జరిగినట్టు తేలేవి. మధ్య నెలల్లో ఏ మార్పూ దాదాపు కనబడేది కాదు. మనుషుల జీవితాలు సర్వేవాళ్ల రాకపోకల ప్రకారం మారవు కదా. అసలు కారణం ఏమిటంటే, అడిగినప్పుడు ఉన్న పరిస్థితినే మనిషి నాలుగు నెలలకీ పులిమి చెప్తాడు. తర్వాతిసారి వెళ్లేసరికి పరిస్థితి మారి ఉంటుంది, అప్పుడు దాన్ని మళ్లీ నాలుగు నెలలకీ పులుముతాడు. తేడా అంతా రెండు ముక్కలు కలిపిన అతుకు దగ్గర పేరుకుపోతుంది.

ఖర్చు మాటేమో సరేసరి. 2006లో ఆ సర్వేని ఎత్తేద్దామన్న ప్రతిపాదన కూడా వచ్చింది, పరిశోధకులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. తర్వాత పునర్నిర్మాణం మొదలైంది. 2009లో అక్కడి శాస్త్ర సలహా సంస్థ నేషనల్ అకాడమీస్ వేసిన కమిటీ దాని మీద నివేదిక ఇచ్చింది. 2014లో ఎంపికైన కుటుంబాల జట్టు (ప్యానెల్) నుంచి ఏడాదికోసారి వెళ్లే పద్ధతి వచ్చింది. మీరు ఇంతవరకే చదివినట్టున్నారు. అసలు మార్పు దాని పక్కనే ఉంది. ఏడాదంతా ఒకే తెరమీద పరిచిన ఘటనల క్యాలెండర్ తెచ్చారు. ముందు ఎక్కడ ఉన్నారు, ఏ పని చేశారు, ఇంట్లోకి ఎవరొచ్చారు, ఎవరు వెళ్లారు అన్నవి నెలల మీద గుర్తుపెడతారు. ఆ తర్వాతే సాయం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది అని అడుగుతారు. దాన్ని ముందు 2008లో కాగితం మీద, తర్వాత 2010 నుంచి కంప్యూటర్ మీద పరీక్షించి చూశాకే అసలు సర్వేలోకి తెచ్చారు. క్యాలెండర్ లేకుండా ఏడాదికోసారి వెళ్తే మీకు మిగిలేది చవకగా దొరికిన తప్పుల జాబితా. క్యాలెండర్ ఉన్నా పూర్తిగా గట్టెక్కినట్టు కాదు. ఏడాదికి మూడు అతుకులు ఉండేచోట ఒకటి మిగులుతుంది గానీ, పన్నెండు నెలల వెనక్కి వెళ్లాల్సిన భారం జ్ఞాపకం మీద పడుతుంది. అందుకే, పోయినసారి చెప్పిన జవాబుని ముందు చదివి వినిపించి "ఇప్పటికీ అదేనా, మధ్యలో మారిందా?" అని అడిగే పద్ధతి కూడా తోడు కావాలి.

పెదజాలరిపేటలోనో, ఫిషింగ్ హార్బర్ వెనక వీధుల్లోనో ఒక రోజు కూర్చోండి, ఈ క్యాలెండర్ మనకెందుకో నేను చెప్పకుండానే తెలుస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మే నెలలో వెళ్లి "గత 30 రోజుల్లో ఆదాయం" అంటే సున్నా. ప్రభుత్వం ఇచ్చే వేట నిషేధ భృతి (2025 ఏప్రిల్‌లో 10,000 నుంచి 20,000 అయింది) ఆ నెలలోనే ఖాతాలో పడితే, ఆ కుటుంబం పూర్తిగా సర్కారు సాయం మీదే బతుకుతున్నట్టు రికార్డవుతుంది. అదే ఇంటికి జూలైలో వెళ్తే బోటు మీద డీజిలు, ఐసు, సరుకుల ఖర్చు పోగా వచ్చిన వాటా కనబడుతుంది, భృతి కనబడదు.

ఇక్కడ మీలాంటి విద్యార్థులు ఒక వాదన చేస్తారు: "శాంపిల్ ఏడాది పొడవునా పరిచి ఉంటుంది కదా సార్, కొన్ని ఇళ్లు మేలో, కొన్ని జూలైలో, సగటు సరిగ్గానే వస్తుంది." నిజమే, సగటు వస్తుంది. కానీ ఆదాయం సర్వే సగటు కోసమే చెయ్యం. ఎంతమంది ఇంత మొత్తానికి కింద ఉన్నారు, సాయం లేకపోతే ఎంతమంది కింద పడేవారు అన్నది కావాలి. నెల ఆదాయాన్ని ఏడాదికి సాగదీస్తే మే నెల ఇల్లు కటిక పేదది అవుతుంది, జూలై ఇల్లు కలిగినది అవుతుంది. రెండూ ఒకే రకం ఇళ్లే. అసమానత ఉన్నదానికన్నా పెద్దదిగా కనబడుతుంది, పేదల సంఖ్య కూడా తప్పుతుంది. ఒకే ఇంటి ఏడాది మొత్తం మీద పట్టు లేకపోతే ఈ తప్పు సరిదిద్దడానికి దారే లేదు.

కాబట్టి నేనైతే క్యాలెండర్‌ని ప్రాంతానికొకటిగా గీయిస్తాను. ఢిల్లీ నుంచి వచ్చేది ఖాళీ పన్నెండు గళ్లు మాత్రమే. వాటి మీద గుర్తులు ఇక్కడివాళ్లు వేస్తారు: సంక్రాంతి, ఉగాది, సింహాచలం చందనోత్సవం, వేట నిషేధం మొదలు, బడి తెరిచిన వారం, దసరా, కార్తీక మాసం. అనకాపల్లి వైపైతే చెరుకు గానుగ ఆడే కాలం. అప్పుడు "చందనోత్సవానికి మీ ఆయన పనిలో ఉన్నాడా?" అంటే జవాబు తడుముకోకుండా వస్తుంది. పాత సంగతులకి 2014 అక్టోబరు హుద్‌హుద్ తుఫాను ఉంది. ఆ రాత్రికి ఎవరు ఎక్కడున్నారో, ఇంటి పైకప్పు ఏమిటో ఈ ఊళ్లో పెద్దవాళ్లెవర్నడిగినా చెప్తారు.

మీ షెడ్యూల్ (ప్రశ్నాపత్రం) నమూనాలో నాకు కనబడిన రెండో ఇబ్బంది, సాయం అంతటినీ "కుటుంబం" అనే ఒకే గడిలో రాయడం. మన సర్వేల్లో కుటుంబం అంటే కలిసి ఉంటూ ఒకే వంట తినేవాళ్లు. ఒకే పొయ్యి అన్నమాట. సర్కారు సాయానికి పొయ్యితో పనిలేదు. పింఛను మనిషికి వస్తుంది, బియ్యం కార్డుకి వస్తాయి, తల్లికి వందనం డబ్బు పిల్లల లెక్కన తల్లి ఖాతాకి వెళ్తుంది, గ్యాసు రాయితీ కనెక్షన్‌కి, రైతు సాయం భూమి ఉన్న పేరుకి. కంచరపాలెంలో ఒకే పొయ్యి దగ్గర ఆరుగురు తినే ఇంట్లో రెండు బియ్యం కార్డులు ఉండటం మామూలే, కొడుకు పెళ్లయ్యాక కార్డు విడదీయించుకుంటారు, వంట మాత్రం కలిసే. మరో ఇంట్లో తాతగారి పేరు ఊళ్లో అన్నగారి కార్డులో ఉంటుంది, మనిషి ఇక్కడుంటాడు. "మీ ఇంటికి ఎన్ని కిలోల బియ్యం వస్తాయి?" అంటే ఒక్కొక్కళ్లూ ఒక్కో జవాబు చెప్తారు, అన్నీ నిజాలే. మనిషికి సంబంధించింది మనిషి వరసలో, కార్డుకి సంబంధించింది కార్డు వరసలో రాసుకుని, పొయ్యి లెక్కలోకి తర్వాత మనం కలపాలి. ఆ పని గుమ్మంలో నిలబడ్డ ఇంటివాళ్ల మీద వెయ్యకూడదు.

పథకాల పేర్లు మరో ముళ్లకంప. ప్రభుత్వం మారితే పేరు మారుతుంది, జనం నోట్లో పాతపేరే ఉంటుంది. 2025లో తల్లికి వందనం అందుకున్న ఎంతోమంది దాన్ని "అమ్మ ఒడి డబ్బులు" అనే అంటారు. ఆ పేరు జాబితాలో కనబడకపోతే సర్వే చేసేవాడు "ఇతరములు"లో పడేస్తాడు. రెండు ప్రభుత్వాల డబ్బు కలిసి వచ్చినప్పుడు ఇంకా చిక్కు. 2025 ఆగస్టు 2న రైతుల ఖాతాల్లో అన్నదాత సుఖీభవ కింద రాష్ట్రం 5,000, పీఎం కిసాన్ కింద కేంద్రం 2,000 పడ్డాయి. రైతు "ఏడు వేలు పడ్డాయి" అంటాడు. ఒకచోట ఏడూ రాసి, ఇంకోచోట పీఎం కిసాన్ అని రెండు మళ్లీ రాసిన షెడ్యూళ్లు నేను స్వయంగా దిద్దాను. జాబితాలో పథకం అసలు పేరు, పాతపేర్లు, జనం పిలిచే పేరు, ఆ పథకం కింద ఒక విడతలో వచ్చే మొత్తం, అది పడిన నెల, ఇవన్నీ ట్యాబ్‌లోనే ఉండాలి. మొత్తం, నెల సరిపోకపోతే ట్యాబ్ అక్కడికక్కడే అడగాలి. ఈ జాబితా జిల్లాస్థాయిలో మూడు నెలలకోసారి దిద్దాలి. ప్రశ్నాపత్రం అచ్చేసి ఐదేళ్లు వాడుకునే అలవాటుతో ఈ సర్వే నడవదు.

ఇక అన్నిటికన్నా కష్టమైంది, ఆదాయం. మన దేశంలో ఇది ఇవాళ్టి ప్రయత్నం కాదు. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ గారి ఆధ్వర్యంలో 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే, ఆ దశాబ్దంలోనే ఖర్చుతోపాటు ఆదాయం అడిగి చూసింది. 1960లలో మళ్లీ చూసింది. 1983-84లో విడిగా ఒక పైలట్ (చిన్న ప్రయోగ సర్వే) చేసింది. చెప్పిన ఆదాయం, చేసిన ఖర్చూ పొదుపూ కలిపిన దానికన్నా తక్కువ తేలేది. అందుకే దేశవ్యాప్త ఆదాయ సర్వే అప్పట్లో ముందుకి పోలేదు. 2025లో గణాంక శాఖ ఇందుకోసం ఆర్థికవేత్త సుర్జీత్ భల్లా అధ్యక్షతన నిపుణుల బృందాన్ని వేసింది, ఆ ఆగస్టులో ముందస్తు పరీక్ష చేసింది. అందులో నూటికి 95 మంది ఈ ప్రశ్నలు చాలా సున్నితమైనవని అన్నారు. నాకు ఆశ్చర్యం కలగలేదు.

ఎందుకంటే మా గాజువాక వీధుల్లో "నెలకి ఎంత సంపాదిస్తారు?" అన్న ప్రశ్న చెవిన పడగానే ఇంటామె మొహంలో మరో ప్రశ్న కనబడుతుంది: "కార్డు తీసేత్తారేటి?" ఆమె భయానికి ఆధారం ఉంది. మన రాష్ట్రంలో బియ్యం కార్డుకీ పథకాలకీ నెల ఆదాయం పల్లెల్లో 10,000, పట్టణాల్లో 12,000 దాటకూడదన్న హద్దు పెట్టారు. కరెంటు 300 యూనిట్లు దాటకూడదు, కారు ఉండకూడదు. తెల్ల చొక్కా వేసుకుని ట్యాబ్ పట్టుకుని సరిగ్గా ఆ ప్రశ్నే అడిగే మనిషి, పథకాలు చూసే వార్డు సచివాలయం మనిషి కాదని ఆమెకి ఎలా తెలుస్తుంది? పన్నెండు వేలకి కాస్త కింద జవాబులు గుంపుగా పడటం నేను చూశాను. గణాంకాల సేకరణ చట్టం, 2008 ప్రకారం ఏ ఒక్క ఇంటి వివరాలూ బయటపెట్టకూడదు. ఆ సంగతి ఆమెకి తెలుగులో, ఒక కాగితం మీద, సర్వే చేసేవాడి పేరూ ఫోన్ నంబరూతో సహా ముందురోజే ఇవ్వాలి. గుమ్మంలో గడగడా చదివితే నమ్మరు. సచివాలయం సిబ్బందిని వెంటపెట్టుకుని అసలు వెళ్లకూడదు. ఇల్లు చూపించడానికి తేలికని చాలామంది ఆ పని చేస్తారు. దాంతో సర్వే చెడుతుంది.

ప్రశ్నల వరస కూడా మార్చాలి. ముందు మనుషులు, తర్వాత పనులు, తర్వాత ఆ పనుల్లో వచ్చినవి, చిట్టచివర సాయం. ఆదాయం అన్న మాట ఎక్కడా వాడకుండా ఆదాయం రాబట్టవచ్చు. మద్దిలపాలెం దగ్గర ఒక టిఫిన్ బండి దంపతుల్ని చూడండి. "నెలకి ఎంత మిగుల్తుంది?" అంటే "ఏం మిగుల్తుంది సార్, అన్నీ పోతాయి" అంటారు, అది నిజంగా వాళ్లకి అనిపించేదే. నేను ఇలా వెళ్తాను: రోజుకి ఇడ్లీ రవ్వ ఎన్ని కిలోలు నానబెడతారు? మినప్పప్పు? గ్యాసు బండ ఎన్ని రోజులొస్తుంది? వాన పడిన రోజు మానేస్తారా? ప్లేటు ఎంత? ఫోన్‌పే డబ్బా రాత్రికి ఎంత చెప్తుంది, చేతి నగదు దానికన్నా ఎక్కువా తక్కువా? రోజువారీ ఫైనాన్సు ఎంత కడతారు? ఇంట్లో పిల్లలు పొద్దున తినేది బండి మీదవేనా? ఆ చివరి ప్రశ్నని చాలామంది మర్చిపోతారు. ఇంట్లోవాళ్లు తిన్నదీ ఆదాయమే, జాలరి కూరకి తెచ్చుకున్న చేపా ఆదాయమే. పావుగంటలో అమ్మకం ఎంతో, సరుకు ఎంతో, వడ్డీ ఎంతో విడివిడిగా తేలుతుంది. ఆమె ఏ దశలోనూ తన ఆదాయం ఇంత అని చెప్పలేదు, దాచనూ లేదు. ఇలా చేస్తే ప్రశ్నలు పెరుగుతాయి, తగ్గవు. మీ సగానికి తగ్గించే ఆలోచనకి నేను అడ్డం చెప్పడానికి కారణం ఇదే. పెరిగిన భారాన్ని ఒకే రోజు మోపకుండా రెండు మూడు రాకల్లో పంచాలి.

అలా పంచడం మన దగ్గర జరిగిందే. 2022 ఆగస్టు నుంచి 2023 జూలై దాకా జరిగిన గృహ వినియోగ వ్యయ సర్వేలో ఒక పెద్ద షెడ్యూల్‌ని మూడుగా విడదీశారు. తిండి ఒకటి, వాడకం వస్తువులూ సేవలూ ఒకటి, మన్నికైన వస్తువులు ఒకటి. ఒకే ఇంటికి మూడు నెలల్లో మూడుసార్లు వెళ్లారు. మొత్తం 2,61,746 ఇళ్లు. అదే సర్వేలో ఉచితంగా వచ్చిన బియ్యం, బడి యూనిఫారం, సైకిలు, ల్యాప్‌టాప్ వంటివాటికి విలువ కట్టి విడిగా లెక్క ఇచ్చారు. పల్లెల్లో తలసరి నెల ఖర్చు 3,773 ఉంటే, ఉచిత వస్తువుల విలువ కలిపితే 3,860 అయింది. పట్టణాల్లో 6,459 కాస్తా 6,521. రెండు లెక్కలూ పక్కపక్కన ఇవ్వడం నాకు చాలా నచ్చింది, మీ నమూనాలోనూ అలాగే పెట్టండి.

వైద్యం విలువని మాత్రం కలపకండి, ఆ సర్వేలోనూ కలపలేదు. ఇక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో ఉచితంగా గుండె ఆపరేషన్ అయిన మనిషికి దాని ఖరీదు ఆదాయంగా రాస్తే, జబ్బు చేసినవాడే వీధిలో ధనవంతుడవుతాడు. 2025 ఆగస్టు 15న మొదలైన ఆడవాళ్ల ఉచిత బస్సు ప్రయాణం కొంచెం వేరు. మధురవాడ నుంచి పూర్ణామార్కెట్‌కి రోజూ పనికొచ్చే అమ్మాయికి అది ఖచ్చితంగా మిగులు. ఆమె ఇంతకుముందు నెలకి ఛార్జీలకి ఎంత పెట్టేదో అడిగి రాసుకోండి, టిక్కెట్టు ధరలు చూసి హెచ్చించకండి. ఉచితమయ్యాక పెరిగిన ప్రయాణాలన్నిటికీ పూర్తి ధర కట్టడం సరికాదు. గ్యాసు బండ సంగతిలో ముందు డబ్బు కట్టి తర్వాత ఖాతాలోకి తిరిగి తీసుకుంటారు కాబట్టి, ఖర్చులో పూర్తి ధర రాసి సాయంలో తిరిగొచ్చింది రాయడం మర్చిపోతే ఆ ఇల్లు రెండు వైపులా తప్పుతుంది.

ఎవరు శాంపిల్లోకి రావట్లేదన్నది కూడా చూడండి. ఎంవీపీ కాలనీ అపార్టుమెంట్లలో లిఫ్టు దగ్గరే ఆపేస్తారు. పై అంతస్తువాళ్లు దొరకరు, దొరికితే చెప్పరు. 2022-23 సర్వేలో పట్టణాల్లో ఇళ్లని సొంత కారు, దాని విలువ బట్టి వేరు చేసి తీసుకున్నారు. కలిగినవాళ్లు పూర్తిగా జారిపోకుండా అది మంచి ఎత్తు. అదే అపార్టుమెంటులో కింద ఇంకొకరు జారిపోతారు. సెల్లార్‌లో మెట్ల కింద గదిలో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది, చాలాచోట్ల శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చినవాళ్లు. ఇళ్ల జాబితా రాసేవాడు ఫ్లాట్ నంబర్లు రాసుకుంటూ 101 నుంచి 504 దాకా వెళ్లి దిగిపోతాడు. ఆ గదికి నంబరు ఉండదు. నేను తనిఖీకి వెళ్లిన ఒక బ్లాకులో ఆరు అపార్టుమెంట్లకి ఆరు వాచ్‌మన్ కుటుంబాలూ జాబితాలో లేవు. వాళ్లకి ఒక జీతం ఉంటుంది, కార్లు కడిగిన డబ్బు ఉంటుంది, భార్య నాలుగు ఫ్లాట్లలో పని చేస్తుంది, అద్దె లేదు, కార్డు ఊళ్లో ఉంది, ముసలి తల్లి పింఛను ఊళ్లోనే ఉంది. ఆదాయం, సాయం రెండూ ఇంత చిక్కుగా అల్లుకున్న ఇల్లు మరొకటి దొరకదు, అదే లేకుండా పోయింది. జాబితా రాసేవాళ్లకి "ప్రతి భవనంలో కింద, పైన, వెనక ఎవరుంటున్నారు?" అన్న ప్రశ్న తప్పనిసరి చెయ్యండి. వీళ్లు ఇల్లు మారితే వెంబడించే ఏర్పాటు కూడా ఉండాలి, లేకపోతే రెండో రాకకి కదలని ఇళ్లే మిగుల్తాయి.

ఆధార్ నంబరు తీసుకుని సర్కారు రికార్డులతో కలిపేస్తే ఈ బాధలన్నీ తప్పుతాయి కదా అని కిందటి వారం ఒకరు నాతో వాదించారు. గుమ్మంలో ఆధార్ అడిగిన రోజు ఆ వీధిలో మిగతా తలుపులు మూసుకుంటాయి. రికార్డులు వేరేలా వాడవచ్చు. మీ సర్వే ప్రకారం జిల్లాలో ఎంతమందికి పింఛను వస్తోందో అంచనా కట్టండి, ఆ నెల అసలు ఎంతమందికి ఇచ్చారో పక్కన పెట్టండి. తేడా ఏ వయసులో, ఏ రకం ఇళ్లలో ఎక్కువుందో చూస్తే ఏ ప్రశ్న సరిగ్గా అడగట్లేదో తెలుస్తుంది. దానికి ఎవరి పేరూ అక్కర్లేదు.

చివరిగా, మార్చడం ఒక ఎత్తు, పాతదానితో పోల్చుకునే వీలుంచడం ఒక ఎత్తు. జాతీయ నమూనా సర్వే 1999-2000 విడత (రౌండు)లో ఏం జరిగిందో మీకు క్లాసులో చెప్పే ఉంటారు. తిండి ఖర్చుకి 7 రోజుల గడి, 30 రోజుల గడి ఒకే షెడ్యూల్‌లో పక్కపక్కన పెట్టారు. అంతకుముందు కొన్ని రౌండుల్లో వాటిని వేర్వేరు ఇళ్లలో అడిగినప్పుడు వారం లెక్క బాగా ఎక్కువ తేలేది. ఒకే పేజీలో పక్కపక్కన అడిగేసరికి ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని సర్దినట్టయింది, 30 రోజుల ఖర్చు పెరిగింది. 1993-94లో 36 శాతం ఉన్న పేదరికం 26 శాతానికి వచ్చిందన్న అంకె మీద ఏళ్ల తరబడి తగువు నడిచింది. నిజంగా తగ్గిందెంత, గడి మార్చడం వల్ల తగ్గిందెంత అన్నది ఎవరికి వారు సర్దుబాట్లు చేసి చెప్పాల్సి వచ్చింది.

కాబట్టి మీ పైలట్‌లో ఇళ్లని రెండుగా చీల్చండి. సగానికి పాత 30 రోజులు, 365 రోజుల షెడ్యూల్, సగానికి క్యాలెండర్. ఒకే మనిషి రెండు రకాలూ చెయ్యకూడదు, ఒకదాని అలవాటు రెండోదానిలోకి పాకుతుంది. స్థలాలు మూడు చాలు: పెదజాలరిపేట, కూర్మన్నపాలెం వైపు జీతాల ఇళ్లు, పెందుర్తి దాటాక ఒక పల్లె. జాలరిపేటకి మేలో ఒకసారి, మళ్లీ సెప్టెంబరులో ఒకసారి అవే ఇళ్లకి వెళ్లండి. మేలో సున్నా చెప్పిన ఇల్లు సెప్టెంబరులో క్యాలెండర్ మీద మే నెల గడిలో ఏం చెప్తుందో, జూన్ 15 దగ్గర అతుకు పడుతుందో లేదో చూడండి. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి నాకు పంపిస్తే, తర్వాతి సంగతి వాటిని చూసి మాట్లాడుకుందాం.